గలాలీ చెరువులో సారు పట్టిన చేప

నిన్న మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. పడవ అద్దెకు తీసుకుని శుక్రవారం చేపలవేటకు వెళ్ళిన పెద్దమనుషులట. మధ్యలో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన, ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం, రెండు చేతులూ ముందుకు చాపి చేపను కెమెరా ముక్కు కిందికి తోశాడు. అలా చాపితే అరచేతంత చేప కూడా దూడంత కనిపిస్తుంది. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. "సూపర్ సార్", "మీకే సాధ్యం సార్" అని రాతలు. చప్పట్లు కొట్టినవాళ్ళలో సగంమంది ఆయన కింద పనిచేసేవాళ్ళే, మిగతా సగంమంది ఆయన కింద పని దొరికితే బాగుండుననుకునేవాళ్ళు.

బహ్రెయిన్లో రిఫాలోని మా ఫ్లాటులో సోఫా మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే మా అమ్మాయి వచ్చి ఫోను లాక్కుంది.

"ఏముందమ్మా ఇందులో నవ్వడానికి? మంచి చేపే కదా."

"మంచి చేపే. ఆయన పట్టలేదు, అంతే."

"నీకెలా తెలుసు?"

"చేప పట్టినవాడు కాసేపు చేపనే చూసుకుంటాడే. ఈయన పక్కవాళ్ళు చూస్తున్నారా లేదా అని చూస్తున్నాడు."

అమ్మాయి నమ్మలేదు. నేను ఏం మాట్లాడినా దానికి దెప్పుతున్నట్టే ఉంటుంది. ఉండనీ. సార్లు చేపలు ఎలా పడతారో నాకు దాని వయసు రాకముందే దగ్గరుండి చూశాను, అదీ గలాలీ చెరువు గట్టు మీద.

బహ్రెయిన్లో చెరువేమిటి అంటారు. ఉండేది. ఒక్క చలికాలం పాటు ఉండేది. ముహర్రక్ దీవిలో గలాలీ ఊరి చివర సముద్రాన్ని పూడ్చి నేల చేస్తున్న రోజులవి. ముందు బండరాళ్ళతో సముద్రంలోకి గట్టు కట్టారు. తర్వాత లోపలున్న నీళ్ళలో ఇసుక పోయాలి. గట్టు పూర్తయ్యాక ఎవరికి ఎవరితో చెడిందో, పని ఆగిపోయింది. గట్టు లోపల సముద్రపు ముక్క ఒకటి ఇరుక్కుపోయింది. రాళ్ళ సందుల్లోంచి కాస్త నీరు వచ్చిపోతుండేది తప్ప అల లేదు, హోరు లేదు. లోపల పడ్డ చేపలకు బయటికి దారి తెలియలేదు. మా అమ్మ మొదటిసారి ఆ గట్టెక్కి చూసి, "అచ్చం మన కొల్లేటి పక్క చెరువులాగే ఉందే" అంది. ఆ రోజునుంచి మా వాళ్ళందరికీ అది చెరువే అయింది.

ఏదో అందమైన చోటనుకోవద్దు. పాచి కంపు, ఎండిన గుల్లల కంపు, పని ఆపి వదిలేసిన యంత్రాల నుంచి కారిన డీజిలు కంపు. ఇప్పుడు అక్కడ విల్లాలు వచ్చాయి. వాకిట్లో ఖర్జూరం చెట్లకు రంగు దీపాలు చుట్టుకుని ఉంటున్నారు. మేం చేపల పేగులు తీసి పారేసిన చోట వాళ్ళ హాలు ఉండి ఉంటుంది. ఆ కంపు ముందు ఈ అత్తరు వాసనలు నాకు ఆనవు. చెబితే ఎవరు నమ్ముతారు.

నాన్న పోయాక అమ్మ గలాలీలో ఒక అరబ్బు ఇంట్లో వంటకు వచ్చింది. ఇంటావిడను మామా అనాలి, ఇంటాయనను బాబా అనాలి. ఆ మామా మా అమ్మకన్నా చాలా చిన్నది, అయినా మామాయే. తన ఆడపిల్లలకు ఆటతోడు కావాలని నన్ను కూడా రప్పించింది. ఇంటి వెనక గోడ వారగా మాకొక గది ఉండేది. అందులో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకు మేకులు. సరిగ్గా మా తల వైపున ఏసీ ఉండేది, అది రాత్రంతా ముసలాడు దగ్గినట్టు దగ్గేది.

మాకు ఆ దీవిలో మా అనదగ్గ మనిషి మావయ్య ఒక్కడే. అమ్మకు తమ్ముడు. మనామా దగ్గరి సీఫ్‌లో ఆఫీసు భవనాల అద్దాలు తుడిచే కంపెనీలో పని. వారమంతా క్యాంపులో ఉండి శుక్రవారం మా దగ్గరికి వచ్చేవాడు. వస్తూ వస్తూ కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్లో ద్రాక్షపళ్ళ పొట్లం కొని తెచ్చేవాడు. దారిలో సగం తానే తినేసి, "కోల్డ్ స్టోరోడు తూకంలో మోసం చేశాడే" అనేవాడు. నేను నమ్మినట్టు నటించేదాన్ని. అమ్మ ఎప్పుడూ తమ్ముణ్ణి చూసి, "వీడికి బొత్తిగా లోకం తెలీదు, ఎలా బతుకుతాడో ఏంటో" అనుకునేది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ ముఖం చాలా ముద్దుగా ఉండేది.

ఆ చలికాలంలోనే మావయ్య కంపెనీ చేతిలోంచి కొన్ని భవనాలు జారిపోయాయి. మనుషులు ఎక్కువయ్యారు, కొందరిని ఇంటికి పంపేస్తారన్నారు. కఫీల్‌కు అంటే వీసా ఇచ్చిన యజమానికి, వీళ్ళ ముఖాలు కూడా తెలియవు. ఎవరుండాలో ఎవరు పోవాలో చెప్పేది సూపర్‌వైజరు. మావయ్య వచ్చి అప్పటికి నిండా ఏడాది కాలేదు, కొత్తవాళ్ళు ముందు పోతారని క్యాంపులో అనుకుంటున్నారు. ఆ మాట విన్నప్పటినుంచి అమ్మకు అన్నం సయించలేదు. మగదిక్కు లేని మనిషి, ఎదుగుతున్న ఆడపిల్ల, పరాయి ఇంటి వెనక గది. శుక్రవారం వచ్చి పోయే ఆ తమ్ముడు కూడా లేకపోతే ఎవరైనా ఏమైనా అనొచ్చు, చేయొచ్చు అని ఆవిడ భయం. నా భయం వేరు. మావయ్య పోతే నన్ను నవ్వించేవాడు ఉండడు.

ఇక ఆ సూపర్‌వైజరు. ఆయన పేరు చెప్పను. చెప్పుకోదగ్గ పేరేం కాదు. మా జిల్లావాడే, మేం తాగిన కాలవ నీళ్ళే తాగి పెరిగినవాడు. మధ్యలో కొన్నాళ్ళు ఊటీ వైపు ఏదో గెస్ట్‌హౌసులో పనిచేశాడట. అక్కడ కొండల మీది సరస్సులో ట్రౌట్ అనే చేపను పట్టాడట. ఇక ఆ చేప ఆయన నోట్లోంచి దిగలేదు.

"ట్రౌట్ అంటే ఏమనుకున్నారు? మంచులాంటి నీళ్ళలో ఉంటుంది. దొరలు తెచ్చి వదిలిన చేప. దాన్ని పట్టాలంటే చదువు ఉండాలి" అనేవాడట క్యాంపులో.

మా వాళ్ళు వెనకాల ఆయన్ని 'ట్రౌట్‌గారు' అని పిలిచేవాళ్ళు. ముందుకొస్తే మాత్రం మంచాల మీద నుంచి లేచి నిలబడేవాళ్ళు. ఆయన క్యారమ్స్ ఆడితే ఎదుటివాడికి తెల్ల కాయ ఎక్కడుందో కనబడదు. ఆయన క్రికెట్ ఆడితే బంతి వేసేవాడికి ఆ పూట భుజం నొప్పి. ఇది ఎవరూ నేర్పలేదు. మా వాళ్ళకు పుట్టుకతోనే వస్తుంది.

గలాలీలో చెరువుందన్న కబురు ఆయన చెవిన పడింది. "వచ్చే శుక్రవారం వేట పెట్టండోయ్. సరస్సులో వేటంటే ఏంటో చూపిస్తాను" అన్నాడట. అందరికన్నా ముందు మావయ్యే, "ఏర్పాట్లన్నీ నేను చూసుకుంటానండీ. మా అక్క అక్కడే ఉంది, వంట చేసిపెడుతుంది" అన్నాడట. అమ్మకు ఆ సంగతి తర్వాత తెలిసింది.

"నన్నడక్కుండా నా చేత వంటేంట్రా?" అంది అమ్మ.

"నా పని నిలబడాలంటే ఇదొక్కటే దారక్కా."

అమ్మ మామాను బతిమాలి ఆ పూటకు సెలవు అడిగింది.

ఆ శుక్రవారం మామా ఇంటి డ్రైవరు భాయ్ పికప్పులో గిన్నెలు, స్టవ్వు, బియ్యం, నీళ్ళ డబ్బాలు గట్టు మీదికి చేర్చాడు. భాయ్‌ది కరీంనగర్ వైపు ఊరు. ఆయన బహ్రెయిన్లో ఉన్నాడని ఊళ్ళో ఎన్నిసార్లు చెప్పినా దుబాయి అనే అనేవాళ్ళట. చెప్పి చెప్పి విసిగి, చివరికి ఆయన కూడా "మా దుబాయిల" అనే మాట్లాడేవాడు. క్యాంపు నుంచి మావయ్యతోపాటు మరికొందరు వచ్చారు. వాళ్ళలో మావయ్య గదిలోనే ఉండే ఒక పెద్దాయన ఉండేవాడు. నర్సాపురం వైపు మనిషి. కంపెనీ మొదలైనప్పటినుంచీ అందులోనే ఉన్నాడు. మాట తక్కువ. కర్ర అక్కర్లేకుండా చేతివేలికి దారం చుట్టుకుని గేలం వేసేవాడు. "చూడమ్మా, వేలికి తెలుస్తుంది. కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది" అని అంతకు ముందు శుక్రవారాల్లో నా వేలికి దారం చుట్టి నేర్పించాడు.

సారు కంపెనీ వ్యానులో వచ్చాడు. ముందు కుర్చీ దిగింది. తర్వాత గొడుగు. తర్వాత జిప్పున్న సంచిలో చక్రం గేలం. అన్నీ దిగాక ఆయన దిగాడు. నెత్తిన చుట్టూ అంచున్న టోపీ, కాళ్ళకు మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. గట్టు మీద కుర్చీలో కూర్చునే మనిషికి ఆ బూట్లెందుకో నాకు ఈనాటికీ తెలియదు. ఎర కోసం ఒక డబ్బా నిండా రొయ్యలు తెచ్చాడు. ఆ సైజు రొయ్యలు మా అమ్మ అప్పటికి వండి ఎరుగదు, మామా ఇంట్లో తప్ప. మా మగవాళ్ళ ఎర మాత్రం రొట్టె పిండి ఉండలు.

"లేక్ ఫిషింగ్‌లో అన్నిటికన్నా ముందు కావలసింది ఓపిక" అని మొదలుపెట్టాడు సారు. చుట్టూ అందరూ తలలూపారు. గేలం వేశాడు. ఊపిరి తీసినంత సేపు ఆగి, చక్రం తిప్పి పైకి లాగి ఎర ఉందో లేదో చూసుకున్నాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ లాగాడు. పొద్దున్నుంచీ ఆయన చేసిన వేట అదే.

అంతకు ముందే మావయ్య అందరినీ పికప్పు వెనక్కి పిలిచి చెప్పాడు. "సారుకు పడేదాకా ఎవరికీ పడకూడదు. పడినా తీయకూడదు."

ఎవరూ ఇదేమి విడ్డూరమని అడగలేదు. తీర్థం పుచ్చుకున్నట్టు తలొంచుకుని విన్నారు. తర్వాత అందరూ వరసగా రాళ్ళ మీద కూర్చుని గేలాలు వేశారు. కాసేపటికి భాయ్ చేతిలో దారం ఎగిరెగిరి పడుతోంది. ఆయన మాత్రం ఆకాశంలో విమానాలు లెక్కపెట్టేవాడిలా పైకి చూస్తున్నాడు.

"భాయ్, పడింది. లాగండి" అన్నాను నేను.

"ఏం పడలే బేటీ. గాలికి ఊగుతున్నది, గంతే" అన్నాడు. అమ్మ వెనకనుంచి నా జబ్బ మీద గట్టిగా గిల్లింది.

పెద్దాయన పరిస్థితి ఇంకా ఘోరం. ఆయన వేలు ఎర్రగా కోసుకుపోయేలా ఏదో పెద్దదే లాగుతోంది. ఆయన దారాన్ని మెల్లమెల్లగా వదులుతూ పోయాడు. చివరికి చేపే ఎర తినేసి వెళ్ళిపోయింది. ఆయన ఖాళీ గేలాన్ని పైకి తీసి, ఇంకో పిండి ఉండ గుచ్చి మళ్ళీ వేశాడు. పట్టడం చేతనైనవాళ్ళంతా పట్టకుండా కూర్చున్నారు. చేతకానివాడు కుర్చీలో కూర్చుని వాళ్ళకు పాఠం చెబుతున్నాడు. ఆ చలికాలపు ఎండలో అంతమంది మగవాళ్ళను అలా చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు తలచుకున్నా మండుతుంది.

నేను చేయగలిగింది నేను చేశాను. సారు గొడుగు సర్దుకుంటున్నప్పుడల్లా ఆ డబ్బాలోంచి గుప్పెడు రొయ్యలు తీసి పావడాలో వేసుకుని అమ్మ దగ్గరికి చేరవేశాను. అమ్మ ముందు కళ్ళెర్ర చేసింది. ఆ తర్వాత రొయ్యల వైపు చూసింది. ఇంకాసేపటికి ఉల్లిపాయ, కారం, కాస్త ధనియాల పొడి వేసి వేయించేసింది. ఆ వాసనకు గట్టు మీదున్న గేలాలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. సారు కూడా వచ్చి ప్లేటు నిండా పెట్టించుకుని తిన్నాడు.

"ఎక్కడివమ్మా ఇంత మంచి రొయ్యలు?" అన్నాడు.

"తెలిసినవాళ్ళిచ్చారండి" అంది అమ్మ, తలెత్తకుండా.

ఎండ నెత్తికెక్కింది. అన్నం వార్చింది, చింతపండు పిసికింది, మసాలా నూరింది అమ్మ. పులుసుకు అన్నీ సిద్ధం, చేప తప్ప. సారు ముఖం మాడిపోవడం మొదలైంది. ముందు నీళ్ళను తిట్టాడు. తర్వాత ఎండను. తర్వాత నన్ను చూసి, "ఆడపిల్ల గట్టెక్కితే చేప అడుక్కి పోతుంది, ఊటీలో అయితే రానివ్వరు" అన్నాడు. నేను కదల్లేదు. చివరికి మావయ్య వైపు తిరిగాడు.

"ఏరా, ఇక్కడ చేపలున్నాయని చెప్పింది నువ్వే కదూ?"

"ఉన్నాయండి సార్."

"ఉంటే ఏవి? పనిలో కూడా ఇలాంటి మాటలే చెబుతావన్న మాట. చూద్దాంలే నీ సంగతి."

మావయ్య మొహంలో నెత్తురు లేదు. అప్పటిదాకా నాకు అదంతా నవ్వులాటగానే ఉండింది. ఆ మాటతో నిజంగా భయం వేసింది.

సారు అలిగినట్టు లేచి వ్యానులోకి వెళ్ళి నడుం వాల్చాడు. ఆయన గేలం కుర్చీకి ఆనించి ఉంది, బెండు నీళ్ళ మీద తేలుతోంది. మావయ్య అటూ ఇటూ చూసి పాంటు మడుచుకుని నీళ్ళలోకి దిగాడు. ఒక రాతి సందులోంచి తడి గోనెసంచి బయటికి లాగాడు. అందులోంచి చేతికంత పొడుగు చేప తీశాడు. అక్కడున్నవాళ్ళంతా ఒక్కసారిగా వేరే వైపు చూడటం మొదలుపెట్టారు. మావయ్య సారు గేలపు కొక్కేన్ని దాని దవడకు గుచ్చి నీళ్ళలో వదిలాడు. బెండు బుడుంగున మునిగింది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టి, గట్టెక్కి అరిచాడు.

"సార్, పడింది. సార్, బెండు మునిగిందండి."

సారు బూట్లతో పరిగెత్తుకొచ్చాడు. కర్ర అందుకున్నాడు. అది విల్లులా వంగింది. వంగక ఏం చేస్తుంది, అంత బరువుంటే. "మెల్లగా సార్", "వదలకండి సార్" అని అందరూ చుట్టూ చేరి అరిచారు. చక్రం తిప్పి తిప్పి చేపను గట్టు మీదికి లాగాడు. చేప ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. రాళ్ళ మీద బల్ల మీద పెట్టినట్టు పడుకుంది.

"కొట్లాడి కొట్లాడి అలసిపోయింది సార్" అన్నాడు భాయ్.

అమ్మ వంగి దాని పొట్ట మీద చెయ్యి వేసి ఠక్కున తీసేసింది. "ఇంత చల్లగా ఉందేంటి" అంది, పైకే.

"లోతు నీళ్ళది గదా అక్కా, గట్లనే ఉంటది" అన్నాడు భాయ్. ఆ చెరువులో మావయ్య అప్పుడే మోకాళ్ళ లోతులో నిలబడి వచ్చాడు.

చల్లదనం సంగతి కాదు అసలు సంగతి. ఆ చేపను చూడగానే అమ్మకు తెలిసింది, పెద్దాయనకు తెలిసింది, నాకు కూడా తెలిసింది. ఎర్రటి రెక్కలు, గుండ్రటి పొలుసులు, కిందికి తిరిగిన మూతి. శీలావతి. మా ఊళ్ళో పెళ్ళి భోజనాలకు బుట్టలతో తెచ్చే శీలావతి. మంచినీళ్ళ చేప. మనామాలో బంగాలీల కోల్డ్ స్టోరులో మంచుగడ్డలా అమ్మే శీలావతి. ఉప్పు సముద్రంలో అది ఒక్క పూట బతకదు. గోదావరి జిల్లాల్లో పుట్టిన పసిపిల్లకు కూడా ఆ సంగతి తెలుస్తుంది. సారు గోదావరి జిల్లాలోనే పుట్టాడు.

సారు చేపను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మావయ్య తడి పాంటు వైపు చూశాడు. అమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుకుంటోందో. తర్వాత సారు టోపీ సరిచేసుకుని, చేపను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు.

"ట్రౌట్ అంత కాదు గానీ, ఫర్వాలేదు. ఫోటో తియ్యండోయ్" అన్నాడు.

ఇక చూడాలి ఆ సందడి. కెమెరా భాయ్ చేతికిచ్చారు. "ఇంకొకటి సార్", "కొంచెం నవ్వండి సార్" అని వంతులేసుకున్నారు. చచ్చి, గడ్డకట్టి, కరిగి, మళ్ళీ నీళ్ళలో మునిగిన చేపతో ఒక మనిషి అన్ని భంగిమల్లో నిలబడగలడని అప్పుడే చూశాను. పెద్దాయన ఒక్కడే ఆ గుంపులోకి రాలేదు. దారం చుట్టుకుంటూ తన రాయి మీదే కూర్చున్నాడు.

అమ్మ పులుసు పెట్టింది. నిజం చెప్పాలంటే బ్రహ్మాండంగా కుదిరింది. సారు తలకాయ ముక్క వేయించుకుని చప్పరిస్తూ తిన్నాడు.

"ఉప్పు సరిపోయిందాండీ?" అనడిగింది అమ్మ.

"సముద్రపు చేప కదమ్మా, ఉప్పు దానిలోనే ఉంటుంది" అన్నాడు సారు.

అందరూ అవునవునన్నారు. మావయ్య అందరికన్నా గట్టిగా అన్నాడు.

వెళ్ళేటప్పుడు మిగిలిన పులుసు గిన్నెలో పోసి సారుకివ్వమని అమ్మ నన్ను వ్యాను దగ్గరికి పంపింది. మావయ్య కిటికీ దగ్గర వంగి నిలబడి ఉన్నాడు. సారు గొంతు తగ్గించి చెబుతున్నాడు. ఊటీ లేదు ఆ గొంతులో, దొరలు లేరు. అచ్చం మా ఊరి సంతలో బేరమాడే గొంతు.

"వచ్చే వారం శీలావతి వద్దురా. బొచ్చె చూడు. ముళ్ళు పెద్దగా ఉంటాయి, తినడానికి సుఖం. నీకేం భయంలేదులే, నువ్వుంటావు."

గిన్నె ఆయన ఒళ్ళో పెట్టి పరిగెత్తుకొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ గట్టు మీద చతికిలబడి పడీపడీ నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. మావయ్య బుర్ర గోక్కుంటూ వచ్చాడు.

"ఉప్పునీళ్ళలో శీలావతేంట్రా నాయనా. ఏదో ఒక సముద్రపు చేప దొరకలేదా?" అంది అమ్మ.

"చెరువు చెరువు అనుకుంటున్నాం కదా. కంగారులో తోచలేదక్కా" అన్నాడు మావయ్య.

అమ్మ తమ్ముడి తల పట్టుకుని నిమిరింది. "పిచ్చిమాలోకం. దేవుడే కాచాడు" అంది.

ఆ నెలలోనే కంపెనీ కొందరిని పంపేసింది. మావయ్య ఉన్నాడు. పెద్దాయన పోయాడు. మొదటినుంచీ ఉన్న మనిషిని ఎందుకు పంపారో ఎవరూ అడగలేదు. ఆ రోజు గట్టు మీద నోరు పోయేలా అరిచినవాళ్ళందరికీ అప్పుడు నోళ్ళు పడిపోయాయి. అమ్మ పెద్దాయన ప్రయాణానికి పులిహోర చేసి మావయ్య చేత పంపించింది. నేను ఆయన్ని మళ్ళీ చూడలేదు. అంత బాగా గేలం వేసే మనిషినీ చూడలేదు.

చలికాలం పోయేదాకా సారు ప్రతి శుక్రవారం ఒక చేప పట్టాడు. బొచ్చెలు పట్టాడు, మోసులు పట్టాడు. బంగాలీ కొట్లో ఏది మంచిదుంటే అది పట్టాడు. ఎండలు ముదిరాక లారీలు మళ్ళీ వచ్చి చెరువులో ఇసుక పోయడం మొదలెట్టాయి. నీళ్ళు ఒక మూలకు తగ్గిపోయి, లోపల చిక్కిన అసలు చేపలన్నీ తెల్లగా తేలాయి. ఆ కంపుకు మామా కిటికీలన్నీ మూయించింది. కొన్నాళ్ళకు అక్కడ చెరువుండేదంటే నమ్మేవాళ్ళు లేకుండా పోయారు.

మావయ్య ఆ కంపెనీలోనే పాతుకుపోయాడు. ముందు చిన్న గుంపుకు పెద్ద అయ్యాడు. ఆ సారు వెళ్ళాక ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు. క్యాంపులో ఆయన్ని చూసి మంచాల మీద నుంచి లేచేవాళ్ళు. ఆయన క్యారమ్స్ ఆడితే ఎదుటివాళ్ళ చూపు మందగించేది. నాకు పెళ్ళి చేసి ఈ రిఫాలో కాపురం పెట్టించింది కూడా ఆయనే, ఆ మేలు కాదనను. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ శీలావతి కథ మొదలుపెట్టేది. మా ఆయనకు చెప్పేది, పుట్టిన పిల్లకు చెప్పేది, పక్క ఫ్లాటువాళ్ళకు చెప్పేది. "మా తమ్ముడంత అమాయకుడు భూమ్మీద లేడు" అనే మాటతో ముగించేది. మావయ్య తల గోక్కుని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఎంత ఎదిగినా, ఎంతమంది చేత చేతులు కట్టించుకున్నా, ఆ రోజు ఉప్పునీళ్ళలో శీలావతి వదిలిన వెర్రివాడు లోపల ఎక్కడో ఉన్నాడనుకుని ఆయన మీద ప్రేమ నిలుపుకున్నాను.

అమ్మ పోయిన తర్వాత మావయ్య కూడా ఉద్యోగం చాలించుకుని ఇంటికి వెళ్ళిపోతానన్నాడు. సామాను కట్టడానికి మా ఫ్లాటుకే వచ్చాడు. అట్టపెట్టెకు తాడు బిగిస్తుంటే నేను రెండో కొస పట్టుకున్నాను. అమ్మ లేదు గనక ఆ కథ నేనెత్తాను.

"ఆ రోజు నిజంగానే నీకు తోచలేదా మావయ్యా, అది మంచినీళ్ళ చేపని?"

ఆయన ముడి వేస్తూనే నవ్వాడు.

"తోచకపోవడమేంటే. మార్కెట్లో హమూర్ కూడా ఉంది, ఇక్కడి సముద్రపు చేప. అది తగిలిస్తే నిజంగా తనే పట్టాననుకునేవాడు. సంబరంగా ఇంటికెళ్ళి పడుకునేవాడు. నేనెవరికి గుర్తుంటాను? ఎవడో తగిలించాడని ఆయనకు తెలియాలి. అందుకే శీలావతి కొన్నాను."

నా చేతిలో తాడు వదులైంది. "గట్టిగా పట్టుకో" అన్నాడు.

"మరి పెద్దాయన?" అన్నాను.

"ఆయనేం తేలేదుగా" అన్నాడు మావయ్య. పెట్టెను ఒకసారి ఎత్తి బరువు చూసుకుని, ఇంకో పెట్టె దగ్గరికి జరిగాడు.

ఆ సూపర్‌వైజరును ఇన్నేళ్ళు ఎంత అసహ్యించుకున్నానో, ఆ ఒక్క నిమిషంలో మావయ్యను అంతకన్నా ఎక్కువ అసహ్యించుకున్నాను. మర్నాడు ఎయిర్‌పోర్టుకు వెళ్ళి కాళ్ళకు దణ్ణం కూడా పెట్టాను, పెట్టాలి కాబట్టి. అమ్మ ఆసుపత్రి మంచం మీద కూడా నర్సమ్మకు తమ్ముడి అమాయకత్వం చెప్పుకుని నవ్వింది. ఆవిడ బతికే ఉన్నా ఈ మాట ఆవిడకు చెప్పేదాన్ని కాదు.